హుబ్లీ దాకా వస్తే చాలు

గద్వాల,
3 ఫిబ్రవరి 2002

చిరంజీవి రాఘవేంద్రకు, బావ కురుమూర్తి ఆశీస్సులు. ఉమకు కూడా చెప్పు.

ఈ ఉత్తరం నిలబడి చదవకు. ఎక్కడైనా కూర్చో.

మీ అక్కకు కడుపునొప్పి అని, కర్నూలు తీసుకుపోతున్నానని పోయిన కార్డులో రాశాను కదా. డాక్టరు ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టించి నన్ను ఒక్కడినే లోపలికి పిలిచాడు. కడుపులో గడ్డ ఉందట. కాలేయం దాకా పాకిందట. కోసినా లాభం లేదన్నాడు. మంచివాడే, గొంతు తగ్గించి చెప్పాడు. ఇంకా ఎంతకాలం అని అడిగితే వానాకాలం గడవడం కష్టమన్నాడు. నేను సరేనండీ అన్నాను. చూడు, సరేనండీ అన్నాను!

బయటికి వస్తే మీ అక్క అడిగింది, "ఏమన్నడు?" అని. "పుండంట. గోళీలు రాసిచ్చిండు. కారం బంద్ చెయ్యాల్నంట" అన్నాను. "కారం లేకుండ బతికేదానికన్న పుండే నయం" అని నవ్వింది. గద్వాల బస్సు కోసం నేను అటు తిరిగి నిలబడితే, ఇటు మిరపకాయ బజ్జీలు కొనుక్కుని తింటోంది. నేను చూసీ చూడనట్టు ఉన్నాను. తిననీ అనుకున్నాను.

నేను ఆమెకు చెప్పలేను. నువ్వు కూడా చెప్పవద్దు. నా మీద ఒట్టు.

మొన్న దసరాకు మీ ఇద్దరూ వచ్చినప్పుడు నువ్వు కుమటా గురించి, సముద్రం గురించి గొప్పలు పోయావు. అప్పుడు ఆమె ఏమన్నదో గుర్తుందా? "సచ్చేలోపల ఒక్కపాలి నీ సముద్రం చూపియ్యిరా" అన్నది. మనం నవ్వాం. ఆ మాట నన్ను ఇప్పుడు నిద్రపోనివ్వడం లేదు. ఆమెను తీసుకొస్తాను. నువ్వు డ్రైవరువు, దారి నువ్వే చెప్పాలి. ఎక్కడ ఆగాలి, ఎక్కడ పడుకోవాలి, దారిలో దవాఖానలు ఎక్కడ ఉన్నాయి, అన్నీ రాయి. ఇల్లు దాటి మంత్రాలయం కన్నా దూరం పోని మనిషిని నేను.

జవాబు ఇంటికి రాయకు. మన జయరాజు హోటలు చిరునామాకు రాయి. ఆయన నా చేతికే ఇస్తాడు. ఇంటికి మామూలు ఉత్తరం వేరే రాయి, లేకపోతే ఆమె అనుమానిస్తుంది.

మీ బావ
కురుమూర్తి


కుమటా,
13 ఫిబ్రవరి 2002

బావకు,

నువ్వు చెప్పినట్టే కూర్చుని చదివాను, బండిలో స్టీరింగు ముందు. చదివాక ఎవరిని ఎక్కించుకుని ఎక్కడికి పోవాలో మరిచిపోయాను. ఖాళీ బండి తోలుకుని ఇంటికి వచ్చేశాను. ఉమ ఏమైందని అడిగితే ఉత్తరం చేతిలో పెట్టాను. తను చదివి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటుంటే వచ్చింది.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే కదా బావా. నువ్వు పెళ్లి చేసుకున్నది ఒకరిని, నీ ఇంట్లో దిగింది ఇద్దరం. నువ్వు ఒక్కనాడూ ముఖం మాడ్చలేదు. మగ్గం నేర్పితే నేర్చుకోక పారిపోయినప్పుడు తప్ప.

చెప్పకపోవడమే మంచిది. అక్కకు తెలిస్తే ఆనాడే మంచం పడుతుంది. ఇక నా మాట విను. నువ్వు హుబ్లీ దాకా వస్తే చాలు, ఆ తరువాత అంతా నా పని. గద్వాల నుంచి రాయచూరు ఒక బస్సు, రాయచూరు నుంచి హుబ్లీకి ఒక బస్సు. నేను హుబ్లీలో వ్యానుతో ఉంటాను. మధ్య సీటు తీసేసి పరుపు వేయిస్తాను, అక్క పడుకుని రావచ్చు. నువ్వు వెనక కూర్చో. మలుపులు తిరిగితే నీకు వాంతులవుతాయని అక్క ఎప్పుడో చెప్పింది, అందుకని కవర్లు కూడా పెడతాను.

ఎల్లాపుర్ దాకా అడవే. అక్కడ టీ తాగుదాం. తరువాత ఘాటు రోడ్డు, కొండ దిగుతాం, నెమ్మదిగా దింపుతాను. కింద అంకోలా. అక్కడ కొబ్బరి చెట్ల సందుల్లో సముద్రం మొదటిసారి కనిపిస్తుంది. అక్కను ముందు సీట్లోకి మార్చి ఆ మలుపు దగ్గర బండి ఆపుతాను. గోకర్ణంలో రాత్రి పడుకుందాం, దేవుడూ ఉన్నాడు, సముద్రమూ ఉంది. మర్నాడు ఒడ్డునే ఉన్న మా ఇల్లు. మూడోనాడు హొన్నావర వంతెన మీదుగా మురుడేశ్వరం. ఆ వంతెన మీద ఒకవైపు నది, ఒకవైపు సముద్రం. తిరిగి మా ఇంటికి. ఉండాలనిపిస్తే నెల ఉండండి. అంకోలాలో, కుమటాలో, హొన్నావరలో దవాఖానలు ఉన్నాయి. ఘాటు మీద మాత్రం ఏమీ లేదు, అక్కడ దేవుడే దిక్కు.

తొందరగా రా బావా.

రాఘవేంద్ర


గద్వాల,
4 మార్చి 2002

రాఘవేంద్రా,

నీ దారంతా బట్టీ పట్టాను. నూలు సేటు ఎదురుగా నిలబడి ఏదో అడుగుతుంటే నా నోట అంకోలా అని వచ్చింది.

మీ అక్కకు చెప్పాను, రాఘవేంద్ర రమ్మంటున్నాడు, పోదామా అని. పోదాం అన్నది. నాకు ప్రాణం లేచి వచ్చింది. వెంటనే, "మగ్గం మీద పడుగున్నది గద. ఇది దిగినాంక పోదాం" అన్నది.

నువ్వు మగ్గం వదిలి పదేళ్లు దాటింది. మా కుట్టు చీర సంగతి మరిచిపోయి ఉంటావు. ఒక్కరితో అయ్యేది కాదు. మధ్యలో నేను నూలు నేస్తుంటే, పక్కన కూర్చుని అంచుకు పట్టు పోగు తీసుకుపోయే నాడె అందించి, రెండు పోగులూ కలిసేచోట మెలిపెట్టేది మీ అక్క. ఆమె చెయ్యి ఆగితే నా కాలు ఆగాలి. పొద్దున బాగానే కూర్చుంటుంది. పది దాటితే స్తంభానికి ఆనుకుంటుంది. ఆమెకు తెలియకుండా నేను తొక్కుడు నెమ్మది చేస్తాను. ఊరుకుంటుందా? "కాళ్లకు తిమ్మిరెక్కిందా ఏంది? ముసలోడివైతున్నవ్" అంటుంది. అవునని ఒప్పుకుంటాను.

ఇంకొక్క చీర మిగిలింది. ఉగాదికల్లా దిగుతుంది. నువ్వు వ్యాను సంగతి చూసుకో.

నీ ప్రయాణం ముచ్చట్లన్నీ ఆమెకు చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది, "అక్కడ నీళ్లన్ని ఉప్పుగుంటయంట గద, మరి తాగనీకి ఏం జేస్తరు?" అని. నువ్వే వచ్చి జవాబు చెప్పుకో.

కురుమూర్తి


కుమటా,
16 మార్చి 2002

బావకు నమస్కారం.

మా ఓనరు ముసలాయనతో మాట్లాడాను. మామూలుగా పిల్లికి బిచ్చం పెట్టడు. అక్క సంగతి చెబితే తాళాలు బల్ల మీద పెట్టి "ఆయ్తు, తగొండు హోగు" అన్నాడు, తీసుకుపో అని. కాకపోతే వేసవి సెలవుల్లో బండికి బేరాలు ఎక్కువ, ముందే రోజులు చెప్పమన్నాడు. ఉగాది ఏప్రిల్ పదమూడు కదా. ఆ తరువాతి వారం మనది అని చెప్పేశాను. గోకర్ణంలో గది కూడా మాట్లాడాను. మేడ మీద కాదు, మెట్లు ఎక్కే పని లేకుండా కిందనే. ఉమ మెత్తటి దిండు కుడుతోంది.

నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పనా? అక్క నాకు విడిగా ఉత్తరం రాసింది. "మీ బావకు సముద్రం మీద పానం కొట్టుకుంటున్నదిరా. పొద్దున లేస్తే అదే ముచ్చట. పాపం ఆయన ఏనాడు ఏది అడగలే. ఆయన కోసం వస్తున్న" అని. చూశావా బావా మీ ఆవిడ పని! తనకే చూడాలని ఉంది, సిగ్గుపడి నీ మీద తోస్తోంది. చిన్నప్పుడు జాతరలో మిఠాయి కావాలన్నా "తమ్మునికి గావాల్నంట" అని నా పేరు చెప్పి కొనిపించేది. నువ్వు కూడా, అవును నాకే చూడాలనుంది, అని బెట్టు చెయ్యి.

రాఘవేంద్ర


గద్వాల,
18 ఏప్రిల్ 2002

రాఘవేంద్రా,

మేం రావడం లేదు. వ్యాను మరొకరికి ఇచ్చెయ్యమను. నన్ను తిట్టేముందు ఇది చదువు.

ఉగాది మర్నాడు చీర దిగింది. ఆ మర్నాడు నేను మందులకు కర్నూలు పోయాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మీ అక్క, పక్కింటి పెంటమ్మ, ఇద్దరూ మగ్గం ముందు కూర్చుని, వేళ్లకు బూడిద రాసుకుని, కొత్త పడుగు పోగులను పాత పడుగు కొసలకు మెలిపెట్టి అతుకుతున్నారు. అప్పటికే సగం దాటింది. ఆమె చెంప మీద కూడా బూడిద. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. "ఏం జేస్తున్నవే?" అంటే, "మగ్గం బోడిగ పెట్టి ఊరికి పోతమా? ఇది దిగినాంక పోదాం తియ్యి" అన్నది.

మన ఇళ్ల పద్ధతి నీకు తెలియనిది కాదు. ఒక పడుగు దిగగానే, పోగులు దూరే పన్నె పళ్లలో మూరెడు కొసలు ఉంచి కొత్తది దానికే అతుకుతాం. మా తాత ఉండగానే ఆయన పడుగుకు మా నాయన అతికాడు, మా నాయన ఉండగానే ఆయన దానికి నేను. పడుగు తెంపి, పన్నె కడిగి, గోడకు ఆనించి పెట్టేది ఒక్కప్పుడే, ఆ మగ్గం మీద కూర్చున్న మనిషి పోయినప్పుడు. మా పెళ్లికి ముందు, అమరచింతలో మీ అమ్మ పోయిననాడు మీ నాయన తెంపుతుంటే, చుట్టాలతో వచ్చిన నా ఒళ్లోనే నువ్వు ఉన్నావు. కత్తెర చప్పుడుకు మీ అక్క చెవులు మూసుకుంది.

ఇప్పుడు నేను కత్తెర తీసుకుంటే ఇక నోటితో చెప్పేది ఏముంటుంది?

పడుగు ఉండగా వదిలి రమ్మంటే రాదు. పట్టు నూలు ఎలుకల పాలవుతుందంటుంది, పెళ్లి చీరలు మాట ఇచ్చామంటుంది. నాకైతే వేరే అనుమానం ఉంది. పడుగు మీద ఉన్నంతకాలం తనకేమీ కాదని ఆమె నమ్ముతోందేమో. అట్లా అయితే ఆ నమ్మకాన్ని నేనెట్లా తెంపను? బక్కచిక్కింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. అయినా పొద్దున నాకన్నా ముందే మగ్గం దగ్గర ఉంటుంది.

మేలో చూద్దాం. నా మీద కోపం పెట్టుకోకు.

కురుమూర్తి


కుమటా,
29 ఏప్రిల్ 2002

బావకు,

కోపం పెట్టుకోవద్దంటే పోయేది కాదు. పెట్టుకున్నాను.

మేలో చూద్దామా? జూన్ మొదటివారంలో ఇక్కడ వాన పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే మూడు నెలలు ఎండ ముఖం చూపించదు. ఘాటు మీద చెట్లు కూలతాయి, రోడ్డు మూస్తారు. ఒడ్డుకు ఎవరినీ పోనివ్వరు. వానాకాలం గడవడం కష్టమని డాక్టరు చెప్పాడని నువ్వే రాశావు. మరి నీ లెక్క ఏమిటి?

తెంపెయ్ బావా. దారమే కదా. అక్క బతికుండగా చూడాల్సింది దారం కోసం ఆపుతావా? మా అమ్మనాటి సంగతులు నాకు చెప్పవద్దు. పడుగు తెంపితే మనిషి పోతుందని నువ్వు కూడా నమ్ముతున్నావా? ఇరవై ఏళ్లు పక్కన కూర్చోబెట్టుకుని నేయించుకున్నావు, ఇప్పటికైనా లేవనివ్వు. నాకు ఒకటే అనిపిస్తోంది, రాస్తున్నాను, ఏమనుకున్నా సరే. నువ్వు తెంపలేనిది పడుగు కాదు, సేటుకు ఇచ్చిన మాట.

పన్నె పళ్లు విరిగాయి, బాగుచేయించాలి, అందుకని తెంపాను అని చెప్పు. పుండు అని చెప్పిన నోటికి ఇది కూడా వస్తుంది.

మా ఓనరును మళ్లీ కాళ్లు పట్టుకుని అడిగాను. మే ఇరవై నుంచి నాలుగు రోజులు ఇస్తానన్నాడు. ఇది దాటితే లేదు.

రాఘవేంద్ర


గద్వాల,
11 మే 2002

రాఘవేంద్రా,

తెంపాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. సేటు మాట కోసం అన్నావు. నువ్వు కాక మరొకడు అని ఉంటే చెంప పగిలేది. కానీ ఏమో, ఎంత తిట్టుకున్నా నీ ఉత్తరంలో వాన మాట మాత్రం నిజం.

నిన్న మీ అక్క పెంటమ్మ ఇంటికి పోయినప్పుడు కూర్చుని తెంపాను. చీర సగంలో ఉంది. కత్తెర పక్కకు పోయింది, మళ్లీ తెంపాల్సి వచ్చింది. పన్నె ఊడదీసి గుడ్డలో చుడుతుంటే ఆమె వచ్చింది. గడప దగ్గర నిలబడి చూసింది. "పన్నె పండ్లు ఇరిగినయ్. రిపేరుకియ్యాలె. ఎట్లాగు ఆగింది గద, ఇప్పుడే పోయొద్దాం" అని ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆమె "గట్లనా" అన్నది. అంతే. వంగి కింద రాలిన పోగులన్నీ ఏరి కొంగులో పోసుకుంది. నేను ఏరతానంటే వద్దన్నది.

రాత్రి అన్నం పెట్టింది. ఉమకు ఏ రంగు ఇష్టమని అడిగింది. పొద్దున పెట్టె సర్దడం మొదలుపెట్టింది. నమ్మింది, రాఘవేంద్రా. నేను అనవసరంగా భయపడ్డాను. ఇన్నాళ్లూ ఆగకుండా ఎప్పుడో తెంపేస్తే సరిపోయేది.

ఇరవయ్యో తేదీ సోమవారం మొదటి బస్సుకు బయలుదేరుతాం. సాయంత్రానికి హుబ్లీలో ఉంటాం. పరుపు మరిచిపోకు. ఆమె ఎడమవైపు తిరిగి పడుకోలేదు.

కురుమూర్తి


హుబ్లీ బస్టాండు,
20 మే 2002

బావకు,

నువ్వు ఎక్కడున్నా ఈ ఉత్తరం గద్వాలలోనే నీకు చేరుతుంది, ఎందుకంటే నువ్వు అక్కడే ఉంటావు.

మధ్యాహ్నం నుంచి రాయచూరు బస్సు వచ్చిన ప్రతిసారీ మెట్ల దగ్గర నిలబడ్డాను. ముసలివాళ్లు దిగారు, మేకపిల్లతో ఒకాయన దిగాడు, మీరు దిగలేదు. కండక్టర్లను అడిగాను, పచ్చటి ఛాయ మనిషి, బక్కగా ఉంటుంది, వెంట పొడుగు మనిషి ఉంటాడు అని. నన్ను పిచ్చివాడిలా చూశారు. జయరాజు హోటలుకు ఫోను చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. వ్యానులో పరుపు పరిచి ఉంది, దిండు ఉంది, ఉమ చేసిచ్చిన కారం లేని అటుకులు ఉన్నాయి.

మళ్లీ ఏమైంది? సేటు పిలిచాడా? పోగు అతుక్కుందా? నీకు మొదటి నుంచీ తేవాలని లేదు. అక్క మీద నీకున్న ప్రేమంతా మగ్గం గుంటలో కూర్చోబెట్టుకునే దాకే. ఇక నేను పిలవను.

రాఘవేంద్ర


గద్వాల,
21 మే 2002

రాఘవేంద్రా,

నిన్న నువ్వు ఎంత ఎదురుచూసి ఉంటావో నాకు తెలుసు. మీ ఓనరు ఇంటికి ఫోను చేశాను. నువ్వు అప్పటికే బయలుదేరావన్నారు.

రాయచూరు దాకా వచ్చాం. బస్సులో మీ అక్క కిటికీ పక్కన కూర్చుంది. దారిలో గుడి కనిపిస్తే దండం పెట్టింది. కొంగు ముఖం మీదికి లాక్కుంటే ఎండకనుకున్నాను. రాయచూరు బస్టాండులో హుబ్లీ బస్సు వచ్చింది. పెట్టె పైన వేయించి, సీటు మీద తువ్వాలు వేసి, కిందికి వచ్చి చెయ్యి అందించాను. ఆమె బెంచీ మీద నుంచి లేవలేదు. "జర కూసో" అన్నది. "బస్సు పోతదే" అన్నాను. "పోనీ, కూసో" అన్నది.

కూర్చున్నాను. అప్పుడు అడిగింది, "డాక్టరు ఎన్ని దినాలన్నడు?" అని.

నేను పుండు అనబోయాను. ఆమె నా వంక చూడకుండా రోడ్డు వంక చూస్తూ చెప్పింది, "పన్నెకు ఏం గాలే. నువ్వు చుట్టి పెట్టినాంక ఇప్పి చూసిన. ఒక్క పన్ను ఇరగలే." నేను ఏడ్చాను. బస్టాండు మధ్యలో, అందరూ చూస్తుండగా. ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండు. "ఈ మాట నాకు చెప్పనీకి సముద్రం దాకా పోవాల్నా? ఇంట్ల చెప్తే కాకపోవునా?" అన్నది.

మా ఇద్దరి పెట్టె హుబ్లీ పోయింది. మేం గద్వాల బస్సు ఎక్కాం.

కురుమూర్తి


కుమటా,
30 మే 2002

బావా,

నేను హుబ్లీ నుంచి రాసిన ఉత్తరం నీకు చేరే ఉంటుంది. చదవకపోతే చించెయ్. చదివి ఉంటే చెప్పు తీసుకుని కొట్టు, నిలబడతాను.

మీ పెట్టె హుబ్లీ డిపోలో దొరికింది. తెచ్చాను. అందులో అక్క పెట్టిన చీర, ఉమ కోసం, నెమలి కంఠం రంగు. ఉమ దాన్ని ముట్టుకోవడానికి భయపడుతోంది. తెంపమని రాసింది నేను, పన్నె అబద్ధం నేర్పింది కూడా నేనే. నువ్వు మూడు నెలలు ఆపుకున్నదాన్ని నేను ఒక్క ఉత్తరంతో చేయించాను.

ఇక్కడ మబ్బు పట్టింది. ఎల్లుండి ఇద్దరం బయలుదేరుతున్నాం. అక్కకు చెప్పు. తిట్టనీ.

రాఘవేంద్ర


గద్వాల,
4 ఆగస్టు 2002

చిరంజీవి రాఘవేంద్రకు, ఉమకు, ఆశీస్సులు.

మీ అక్క దినాలు అయ్యాక మీరు వెళ్లారు. ఆ మర్నాటి నుంచి రాయాలని కూర్చుంటున్నాను. నువ్వు ఇక్కడున్నప్పుడు చెప్పలేకపోయాను. నీ ముఖం మీ అక్క ముఖమే, చూస్తూ చెప్పడం నా వల్ల కాలేదు.

నాకు ఒకటే బాధ. ఫిబ్రవరి నుంచి మే దాకా నువ్వూ నేనూ ఎన్ని ఉత్తరాలు రాసుకున్నాం! ఎక్కడ టీ తాగాలి, ఏ మలుపు దగ్గర బండి ఆపాలి, అన్నీ మాట్లాడుకున్నాం. ఆమె పక్కనే కూర్చుని ఉంది. రెండు చేతుల దూరం. ఆమెతో మాత్రం ఒక్క మాట నిజం మాట్లాడలేదు. నేను ఆశపడుతున్నానని ఆమె బయలుదేరింది, ఆమె ఆశపడుతోందని మనం బయలుదేరదీశాం. ఆ నాలుగు నెలలు ఎవరు తెచ్చిస్తారు?

రాయచూరు నుంచి వచ్చాక మళ్లీ అతుకుదామా అని నేనే అడిగాను. "తెంపింది తెంపినట్టే ఉండనీ" అన్నది. ఇంట్లో మగ్గం ఆడకపోతే ఎట్లా ఉంటుందో నీకు ఏం చెప్పను? చెంచా కింద పడితే ఉలిక్కిపడతాం. మీ అక్కకు నిద్ర పట్టేది కాదు. నొప్పి వల్ల అనుకున్నాను, అందుకే గోళీ వేసేవాడిని. పెంటమ్మ ఇంటి మగ్గం ఆడితే మాత్రం కళ్లు మూసుకునేది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

పోవడానికి ముందు రోజు మధ్యాహ్నం, ఉమ వంటింట్లో ఉంది, నువ్వు మందుల షాపుకు పోయావు. మీ అక్క నన్ను దగ్గరికి పిలిచి అడిగింది, "సముద్రానికి సప్పుడుంటదా?" అని.

నేను ఎప్పుడు చూశాను చెప్పడానికి? సినిమాల్లో పాటే వినిపిస్తుంది కానీ సముద్రం వినిపించదు కదా. నొప్పితో ఉన్న మనిషి, ప్రశాంతమైన మాట చెబుదామనుకున్నాను. "ఉండదు. సల్లగ, సప్పుడు జెయ్యకుండ ఉంటది" అన్నాను. "గట్లనా. అయితే పోకపోవుడే మంచిగైంది. గీ సప్పుడు లేని ఇంట్లనే నాకు పానం పోతున్నది" అన్నది. అటు తిరిగి పడుకుంది. మళ్లీ నాతో మాట్లాడలేదు.

ఆ మాట నేను సరిగ్గానే చెప్పానా? ఉంటుందా చప్పుడు? రోజంతా ఉంటుందా, మగ్గం ఆడినట్టు? ఒకవేళ ఉంటే, ఉంటుందని నేను ఒక్క మాట అని ఉంటే, ఆమె ఆ కాస్త ఆశతోనైనా కళ్లు మూసుకునేదేమో. చివరి మాట కూడా అబద్ధమే చెప్పి పంపానా? నిజం రాయి. నీకు తప్ప ఎవరికీ తెలియదు.

వాన తగ్గాక కుమటా రమ్మన్నావు కదా. ఇక్కడ నాకు పని లేదు. వస్తాననే అనుకుంటున్నాను.

మీ బావ
కురుమూర్తి


కుమటా,
14 ఆగస్టు 2002

బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నువ్వు అక్కకు చెప్పింది నిజమే. సముద్రానికి చప్పుడు ఉండదు. ఒడ్డున కూర్చుంటే చెరువు పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. అక్క వచ్చి ఉన్నా ఇక్కడ నిద్రపోయేది కాదు. ఈ ఒక్క సంగతిలో నువ్వు తప్పు చేయలేదు. మనసులో పెట్టుకోకు, వేళకు అన్నం తిను.

ఉమ వచ్చి, ఇంత ఉక్కలో కిటికీలూ తలుపులూ అన్నీ ఎందుకు మూసి రాస్తున్నావని అడుగుతోంది. వాన జల్లు కొడుతోందని చెప్పాను.

నువ్వు మాత్రం ఇటు రావద్దు బావా. దారి బాగాలేదు, నీకు మలుపులు పడవు. ఎప్పుడు చూడాలనిపించినా ఒక కార్డు రాయి, మేమే అక్కడికి వస్తాం.

రాఘవేంద్ర